కాఫీ మరమ్మతు

జనవరి 4, ఆదివారం

అమ్మ తెనాలి నుంచి వచ్చి పది రోజులైంది. రోజూ సాయంత్రం నాలుగయ్యేసరికి "ఎదురింటావిడతో కాసేపు మాట్లాడొస్తా" అని చెప్పులేసుకుంటుంది. ముప్పావుగంటకి తిరిగొస్తుంది. అప్పుడు నేను కాఫీ కలిపిస్తే "ఇప్పుడొద్దులే నాన్నా" అంటుంది. అసలు సంగతి ఈరోజు మా అమ్మాయి బయటపెట్టింది. "నాయనమ్మ వెళ్లేది కబుర్లకి కాదు నాన్నా, కాఫీకి."

పొద్దున మాత్రం తప్పదు గనక నాదే తాగుతుంది. ఎలా ఉందని అడిగితే "బాగానే ఉంది" అంటుంది. "బాగుంది"కీ "బాగానే ఉంది"కీ ఎంత దూరమో తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు.

అమ్మ మార్చి మొదటి వారం దాకా ఉంటుంది. ఈలోపు ఇంటి కాఫీని బాగుచెయ్యాలి. ఒకసారి ఒక్కటే మార్చాలి, మార్చింది రాసిపెట్టుకోవాలి. ఇదే పద్ధతి.

ఇప్పటిదాకా చేస్తున్నదేమిటంటే: స్టీలు ఫిల్టర్, సూపర్ మార్కెట్ ప్యాకెట్ పొడి రెండున్నర చెంచాలు, ఆర్వో నీళ్లు మరిగించి పోయడం. ఆ రెండున్నర చెంచాలనే ఇవాళ వంటింటి కాటా మీద మూడుసార్లు తూచాను. 14 గ్రాములు, 19 గ్రాములు, 23 గ్రాములు! ఇన్నాళ్లూ నేను ఒక కాఫీ పెట్టడం లేదు, రోజుకో కాఫీ పెడుతున్నాను. ఇకనుంచి పొడి 30 గ్రాములు, నీళ్లు 150 మి.లీ. పొడి తన బరువుకి రెట్టింపు నీళ్లు పట్టి ఉంచుకుంటుంది కాబట్టి కిందికి 90 మి.లీ. దాకా దిగుతుంది. ఇద్దరికీ, దొంగచాటుగా తాగే అమ్మాయికీ సరిపోతుంది. మా ఆవిడది టీ పార్టీ, ఈ గొడవలో లేదు.

జనవరి 6, మంగళవారం

ప్యాకెట్ వెనక అక్షరాలు కళ్లజోడు పెట్టుకుని చదివాను. కాఫీ 60 శాతం, చికోరీ 40 శాతం. మూడేళ్లుగా కొంటున్నాను, ఏనాడూ చూడలేదు. మన ఆహార నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంతుందో ప్యాకెట్ మీద వెయ్యాలి. వేశారు. చదవనిది నేనే.

చికోరీని తిట్టడం ఈమధ్య ఫ్యాషనైంది గానీ నాకు దానిమీద కోపం లేదు. అదొక మొక్క వేరు. గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండిస్తారు. ఎండబెట్టి, వేయించి, పొడి కొడతారు. కెఫీన్ ఉండదు. కాఫీ కన్నా ఎక్కువ శాతం నీళ్లలో కరుగుతుంది కాబట్టి డికాషన్‌కి ఆ నలుపూ చిక్కదనమూ వస్తాయి. పాలు పోశాక కూడా కాఫీ పలుచబడకుండా నిలబెట్టేది చాలావరకు అదే. మోతాదు మించితేనే బెల్లప్పాకం మాడిన వాసన ముందుకొచ్చి కాఫీ వెనక్కి పోతుంది. అమ్మనడిగితే "ఎనభై ఇరవై" అంది, పాతకాలం లెక్కల మాస్టారిలాగా. మళ్లీ వివరణ లేదు.

జనవరి 10, శనివారం

కాఫీ గింజలు అప్పటికప్పుడు ఆడించి ఇచ్చే కొట్టుకి వెళ్లాను. వీధి మొదట్లోనే వాసన. అయితే వాసన చూసి మోసపోకూడదు. గాల్లోకి పోతున్నదంతా మన గ్లాసులోకి రానిదే కదా.

కొట్లో పేర్లు వినగానే నీళ్లు నమిలాను. ప్లాంటేషన్, పీబెర్రీ, రోబస్టా చెర్రీ అన్నాడు. ఆయన ఓపిగ్గా చెప్పినదాన్ని బట్టి తెలిసిందిది. కాఫీలో ముఖ్యమైన జాతులు రెండు, అరబికా, రోబస్టా. పండు గుజ్జు కడిగి తీసేసి ఎండబెట్టిన అరబికాని 'ప్లాంటేషన్' అంటారు. పండు పండుగానే ఎండబెడితే 'చెర్రీ'. మామూలుగా ఒక పండులో రెండు గింజలు బల్లపరుపు వైపులు ఎదురెదురుగా పెట్టుకుని కూర్చుంటాయి. ఒక్కోసారి ఒకటే పెరిగి బఠాణీలా గుండ్రంగా వస్తుంది, అదే పీబెర్రీ. దానికి ధర ఎక్కువ. గుండ్రంగా ఉండటం వల్ల వేగడం సమంగా వేగుతుందంటారు. రుచిలో నాకు తేడా తెలిసేంత నాలుక ఇంకా రాలేదు.

అరబికా కమ్మగా, కాస్త పులుపు తగులుతూ ఉంటుంది. రోబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు, చేదూ ఎక్కువే, కానీ పాలకి ఎదురు నిలుస్తుంది. ప్లాంటేషన్ మూడు వంతులు, రోబస్టా ఒక వంతు కలిపించి, మొత్తంలో చికోరీ 20 శాతం వచ్చేలా పావుకిలో ఆడించుకున్నాను. "ఫిల్టర్‌కేనా?" అనడిగాడు. "మెత్తగానే ఆడండి" అన్నాను, పెద్ద తెలిసినట్టు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

జనవరి 13, మంగళవారం

పొద్దున ఆరింటికి నీళ్లు పోశాను. ఆరున్నరకి కింది గిన్నెలో చెంచాడు డికాషన్. ఏడింటికి రెండు చెంచాలు. ఫిల్టర్ పక్కన చెంచాతో కొట్టాను. ఊపాను. ఆఖరికి అమ్మ వచ్చి పై గిన్నెని కొద్దిగా పైకెత్తి మళ్లీ పెట్టింది. బుస్సుమని గాలి పోయి పది చుక్కలు గబగబా పడ్డాయి, మళ్లీ ఆగిపోయింది.

తప్పులు రెండు. ఒకటి, పొడి మైదాలా ఆడించడం. తడవగానే ముద్దకట్టి చిల్లుల మీద అట్టలా కూర్చుంది. రెండోది, కాడ ఉన్న ఆ గొడుగు బిళ్లతో గట్టిగా అదమడం. గొడుగు పని అదమడం కాదు. నీళ్లు పోసినప్పుడు పొడి చెదరకుండా పైన కూర్చోవడమే దాని ఉద్యోగం. పైగా రెండు గిన్నెలూ మరీ బిగుతుగా పడితే కింద ఉన్న గాలికి దారుండదు. అది బయటికి పోనిదే పైనుంచి నీళ్లు దిగవు.

తొమ్మిదింటికి దిగినదాన్ని తాగి చూశాను. వేపాకు నయం. అంతసేపు నానితే పొడిలోంచి రావలసినవన్నీ వచ్చాక రాకూడనివి కూడా వస్తాయి. అమ్మ వాసన చూసి పక్కన పెట్టి, నాలుగింటిదాకా ఆగకుండా పదింటికే చెప్పులేసుకుంది.

జనవరి 14, 15, 16

పండగ. ఇంట్లో పద్నాలుగు మంది చుట్టాలు. ప్రయోగాలు లేవు. ఇన్‌స్టంట్ కాఫీ. ఎవరూ ఏమీ అనలేదు, రెండోసారి కూడా అడిగారు. కొంచెం బాధేసింది.

జనవరి 18, ఆదివారం

ఇవాళ జరిగింది రాయాలంటే చెయ్యి రావడం లేదు.

అమ్మ తన సంచిలోంచి ఇత్తడి ఫిల్టర్ తీసింది. కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. "స్టీలు దానికంటే ఇది వేడి నిలుపుతుంది, దీంతో పెట్టు" అంది. వెలుతురుకి ఎత్తి చూస్తే సగం చిల్లులు పూడిపోయి ఉన్నాయి. స్టీలు ఫిల్టర్ చిల్లులు పూడితే మనింట్లో చేసేదేముంది? పై గిన్నెని గ్యాస్ మంట మీద బోర్లిస్తాం, ఇరుక్కున్న పొడి కాలిపోతుంది, తోమేస్తే శుభ్రం. అదే చేశాను.

రెండు నిమిషాల్లో గిన్నె లోపల పాదరసంలా ఏదో మెరుస్తూ జారి, చిల్లుల దగ్గర బొట్లుబొట్లుగా గడ్డకట్టింది. కళాయి! ఇత్తడికి లోపల పూసే తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది. గ్యాస్ మంటకి అదెంత? ఆ సంగతి పుస్తకంలో చదివినవాణ్నే. చదువు చదువే, చెయ్యి చెయ్యే.

లోపల ఇప్పుడు పచ్చటి ఇత్తడి బయటపడింది. కాఫీకి పులుపు గుణం ఉంది, కళాయి లేని ఇత్తడిలో పొయ్యకూడదు. ఉన్న చిల్లుల్లో మరికొన్ని తగరంతో మూసుకున్నాయి. అమ్మ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

జనవరి 24, శనివారం

వారమంతా వాకబు చేశాను. కళాయి వేసేవాళ్లు ఒకప్పుడు వీధుల్లో కేకేసుకుంటూ వచ్చేవారు. ఇప్పుడు మనమే కేకేసుకుంటూ వెళ్లాలి. మా హైదరాబాద్ బేగంబజార్లో ఇత్తడి సామాన్ల కొట్లు ఉన్నాయి గదా అని అక్కడికి వెళ్తే, ఒక కొట్టాయన సందులో కూర్చునే పెద్దాయన్ని చూపించాడు.

పని చూడటానికి అరగంట నిలబడ్డాను. ముందు గిన్నెని రుద్ది మురికి వదలగొట్టాడు. బొగ్గుల మీద పెట్టి తిత్తితో ఊదుతూ తిప్పాడు. కాకమీద ఉండగానే తగరం ముక్కని లోపల ఒక్కసారి అలా రాసి, నవసారం (అమ్మోనియం క్లోరైడ్) చల్లి, దూదితో చకచకా తుడిచాడు. తెల్లటి పొగ గుప్పుమంది. ఆ తుడుపు కిందే వెండిలాంటి పొర పరుచుకుంది. చిల్లులు పూడకుండా ఎలాగని అడిగితే, వేడిమీదే గిన్నెని ఒక్క విదుపు విదిలించి చూపించాడు. మిగిలిన రెండు మూడు చిల్లులు సన్నటి సూదితో నేనే ఇంటికొచ్చి తీశాను.

రెండు గిన్నెలకీ కలిపి 300 తీసుకున్నాడు. ప్రాజెక్టు ఖర్చులో ఇంతవరకు బాధపడకుండా ఇచ్చిన డబ్బు ఇదొక్కటే. "మంట మీద పెట్టకండి సార్" అన్నాడు. ఎవరు చెప్పారో ఈయనకి.

జనవరి 27, మంగళవారం

పొడి ఈసారి కొంచెం బరకగా ఆడించాను. వేళ్ల మధ్య నలిపితే పంచదార కన్నా సన్నం, మైదా కన్నా గరుకు. గొడుగు ఊరికే ఆనించాను. మొదట నలభై మి.లీ. నీళ్లు పోసి అరనిమిషం ఆగాను. తాజా పొడి బుడగలు కట్టి పొంగింది. వేయించినప్పుడు గింజలో ఇరుక్కున్న కార్బన్ డయాక్సైడ్ అలా బయటికి వస్తుంది. అది పోయాక మిగతా నీళ్లు పోస్తే పొడి అంతా సమంగా తడుస్తుంది. పాత ప్యాకెట్ పొడి మీద పోస్తే ఒక్క బుడగ రాలేదు. ఎప్పుడో ఊపిరి వదిలేసిన పొడి అది.

పద్దెనిమిది నిమిషాల్లో డికాషన్ దిగింది. రంగు బాగుంది, వాసన బాగుంది. తాగితే మాత్రం చివర్లో పులుపు గీరుతోంది, మధ్యలో ఏదో ఖాళీ. అమ్మ: "బాగానే ఉంది."

నీళ్ల వేడి తక్కువేమోనని అనుమానం వచ్చింది. 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉండాలంటారు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. గిన్నె తాకగానే మరో నాలుగైదు డిగ్రీలు పోతాయి. కాబట్టి మరిగిన నీళ్లని చల్లార్చే పనిలేదు, దించీ దించగానే పొయ్యొచ్చు. పోశాను. ఫిల్టర్‌ని ముందే వేడినీళ్లతో కడిగి కూడా పోశాను. పులుపు కొంచెం తగ్గింది, ఖాళీ మాత్రం అలాగే ఉంది.

జనవరి 30, శుక్రవారం

సిగ్గు చంపుకుని ఎదురింటికి వెళ్లాను. "పిన్నిగారూ, మీ పొడి ఓ నాలుగు చెంచాలు ఇస్తారా?" ఆవిడ నవ్వి డబ్బాతోనే ఇచ్చేశారు. ఇంటికొచ్చి మూత తీసి ప్యాకెట్ చూస్తే, నేను జనవరి 6న పక్కన పడేసిన అరవై-నలభై పొడే! అదే కంపెనీ, అదే ప్యాకెట్.

ఆ పొడితోనే మా ఇంట్లో పెట్టాను. అదే ఖాళీ. అంటే దోషం పొడిలో లేదు, ఫిల్టర్‌లో లేదు. మూడు వారాలుగా నేను ముద్దాయిని వదిలేసి సాక్షుల్ని కొడుతున్నాను.

జనవరి 31, శనివారం

మా అమ్మాయి బడి ప్రాజెక్టు కోసం కొన్న టీడీఎస్ పెన్ను ఇంట్లో ఉంది. లీటరు నీళ్లలో కరిగిన లవణాలు ఎన్ని మిల్లీగ్రాములో చూపిస్తుంది. మా ఆర్వో నీళ్లు 18. మా బోరు నీళ్లు 940. ఎదురింటివాళ్లు ఆర్వో పెట్టించుకోలేదు. మంజీరా నీళ్లు (కుళాయిలో వచ్చే నది నీళ్లు) వచ్చినప్పుడు పట్టి, పాతకాలం క్యాండిల్ ఫిల్టర్‌లో పోసుకుంటారు. అవి 230.

ముద్దాయి దొరికాడు. కాఫీకి నీళ్లలో కొద్దిగా కాల్షియం, మెగ్నీషియం ఉండాలి, రుచినిచ్చే పదార్థాల్ని పొడిలోంచి లాగడానికి అవి సాయపడతాయి. బైకార్బొనేట్లు కాస్త ఉంటే పులుపుని అదుపులో పెడతాయి. నా 18 నీళ్లలో ఇవేవీ లేవు, అందుకే ఆ గీరుడూ ఆ ఖాళీ. అలాగని బోరు నీళ్లతో పెడితే బైకార్బొనేట్లు ఉన్న పులుపునంతా మింగేసి కాఫీ చప్పబడుతుంది. అదీ చేసి చూశాను, సుద్దముక్క నాకినట్టుంది. తాగడానికి 500 లోపు ఉండాలని మన ప్రమాణం. కాఫీవాళ్ల ప్రమాణంలో 150 దగ్గర ఉంటే మంచిది, 75 నుంచి 250 దాకా సరిపెట్టుకోవచ్చు.

అయితే ఆ పెన్ను చూపించేది మొత్తమే, అందులో ఏ లవణం ఎంతో చెప్పదు. ఉప్పు వేసినా అంకె పెరుగుతుంది. అంకె నచ్చగానే సంబరపడకూడదు, తాగి చూడాల్సిందే.

ఫిబ్రవరి 1, ఆదివారం

పరీక్ష పెట్టింది మా అమ్మాయి. నేను పెడితే మొహం చూసి కనిపెట్టేస్తారట. ఒకే పొడి, ఒకే తూకం, నాలుగు రకాల నీళ్లు: ఆర్వో, బోరు, మంజీరా, ఆర్వో-మంజీరా సగం సగం (పెన్ను 126 చూపించింది). నాలుగు గ్లాసుల అడుగున వేరువేరు రంగుల బొట్టుబిళ్లలు అంటించింది. ఏ రంగు ఏ నీళ్లో తనకి తప్ప ఎవరికీ తెలియదు.

నేను మొదట ఎర్ర బొట్టు గ్లాసుని మెచ్చుకున్నాను. అమ్మ ఒక్కోదాన్నీ ఒక్క గుక్క తాగి, ఆకుపచ్చ గ్లాసు దగ్గర ఆగి, రెండో గుక్క తాగింది. మా ఆవిడ కూడా వచ్చి రుచి చూసి ఆకుపచ్చే అంది, టీ మనిషి అయ్యుండి. తిరగేస్తే ఆకుపచ్చది సగం సగం నీళ్లు. ఎర్రది మంజీరా. ఆర్వో గ్లాసు అందరికీ ఆఖరు, బోరుకి ఆ గౌరవం కూడా దక్కలేదు, ఎవరూ రెండోసారి ముట్టుకోలేదు.

అమ్మ ఈసారి "ఇది బాగుంది" అంది. 'నే' లేదు. తేదీతో సహా రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

పాల సంగతి. ఇక్కడ నేను కనిపెట్టిందేమీ లేదు, అమ్మ చెప్పింది చేశాను. పాలు ఒక్కసారే కాగాలి. మళ్లీ మళ్లీ కాచిన పాలకి ఉడుకు వాసన వస్తుంది, అది కాఫీని చంపేస్తుంది. డికాషన్‌ని పొయ్యి మీద పెట్టకూడదు. చల్లారితే గిన్నెతో సహా వేడినీళ్లలో కాసేపు కూర్చోబెట్టాలి. మేం టోన్డ్ ప్యాకెట్ వాడేవాళ్లం, 3 శాతం వెన్న. 6 శాతం ఉండే ఫుల్ క్రీమ్‌కి మారాం. డికాషన్ ఒక వంతు, పాలు మూడు వంతులు. ఎత్తు నుంచి రెండుసార్లు తిరగబోస్తే చాలు, అయిదారుసార్లు పోస్తే నురగ బాగుంటుంది గానీ కాఫీ చల్లారిపోతుంది.

ఎదురింటికి గేదెపాలు వస్తాయి, పొద్దున పాలాయన క్యానుతో తెచ్చి పోస్తాడు. ఈ విషయం అమ్మ రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లూ విననట్టు ఊరుకున్నాను.

ఫిబ్రవరి 15, ఆదివారం, శివరాత్రి

ఆఫీసులో ఒకతను అరకు వెళ్లొస్తూ కిలో పచ్చి గింజలు తెచ్చిచ్చాడు. అక్కడ సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటికి పాకిన మిరియం తీగల మధ్య గిరిజన రైతులు పండించే అరబికా. 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో, పచ్చి బఠాణీ వాసనతో ఉన్నాయి. వీటిని మనమే వేయించాలి. జాగారానికి పని దొరికింది. అమ్మ ఉపవాసం, కాఫీ ఉపవాసానికి అడ్డం కాదట.

ఇనుప మూకుట్లో పావుకిలో పోసి, చెక్క గరిటెతో ఆపకుండా తిప్పాను. అయిదు నిమిషాలకి గడ్డి వాసన, తర్వాత పసుపు రంగు, తర్వాత కాల్చిన రొట్టె వాసన. పది నిమిషాలు దాటాక పేలాలు వేగినట్టు టప్ టప్‌మని శబ్దం మొదలైంది. అది మొదటి పేలుడు. గింజ లోపలి తేమ ఆవిరై పగలగొట్టుకుని వస్తుంది. అది తగ్గి కొంచెం ఆగితే ఆవాలు చిటపటలాడినట్టు రెండో పేలుడు వస్తుంది. ఆ రెండిటి మధ్య దించాలి. నేను ఆవాల శబ్దం వినబడ్డాక దించాను. ఎందుకంటే సరిగ్గా అప్పుడే పొగకి భయపడి పై ఫ్లాటాయన కిందికి పరిగెత్తుకొచ్చి బెల్లు కొట్టాడు. "శివరాత్రి హోమమా అండీ?" అన్నాడు.

జల్లెట్లో పోసి ఫ్యాను కింద పెట్టడం ఇంకో పొరపాటు. గింజల మీది సన్నటి పొట్టు హాలంతా ఎగిరింది. అమ్మ చాట తీసుకుని బాల్కనీలో నాలుగు చెరుగులు చెరిగింది, అయిపోయింది. తూచితే 250 గ్రాములు 208 అయ్యాయి. దాదాపు 17 శాతం పోయింది, చాలావరకు నీళ్లే. గింజల్లో కొన్ని చాక్లెట్ రంగు, కొన్ని బొగ్గు. మూకుడులో తిప్పుడు సమంగా లేదని అర్థం.

ఫిబ్రవరి 18, బుధవారం

రెండు రోజులు డబ్బాలో ఆరనిచ్చి మిక్సీలో ఆగి ఆగి తిప్పాను, గిన్నె వేడెక్కకుండా. చికోరీ లేకుండా పెడితే ఆరు నిమిషాల్లో జలజలా దిగిపోయింది. నల్లగా తాగితే అద్భుతం, చివర్లో నారింజ తొక్క లాంటి పులుపు. పాలు పోస్తే మాయమైపోయింది. అమ్మ గ్లాసు దించి "చారు బాగుందిరా, అన్నంలోకి" అంది.

ఫిబ్రవరి 21, శనివారం

అదే పొడికి చికోరీ 15 శాతం కలిపాను. సగం సగం నీళ్లు, ఇత్తడి ఫిల్టర్, పదహారు నిమిషాలు. అమ్మ ఏమీ అనకుండా గ్లాసు ఖాళీ చేసింది. "ఇంకా ఉందా?" అంది.

ఫిబ్రవరి 24, మంగళవారం

సాయంత్రం నాలుగు. అమ్మ మళ్లీ చెప్పులేసుకుంది. చేతిలో మూత పెట్టిన చిన్న స్టీలు గిన్నె.

"ఏంటమ్మా అది?"

"నీ డికాషన్. వాళ్ల పాలతో కలుపుకుంటే ఇంకా బాగుంటుంది. ఆవిడకీ కాస్త పోస్తా."

వంటింట్లోకి వెళ్లి చూశాను. కింది గిన్నెలో నాకు చెంచాడు మిగిల్చింది. రేపటి నుంచి 45 గ్రాములు వెయ్యాలి. ఈ ఫిల్టర్ పై గిన్నెలో అంత పడుతుందో లేదో పొద్దున్నే తూచి చూడాలి.